ఆర్పేసి ఏటి సూత్తారు?

ఈ మార్చి 28న, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి, ఎర్త్ అవర్ పేరుతో లైట్లార్పి నేను భూగోళాన్ని కాపాడాలట. ఎంతసేపంటే గంటసేపు. తొమ్మిదిన్నర దాటాక దాని తిప్పలు అది పడుతుంది.

ఈ కబురు మోసుకొచ్చినవాడు మా అప్ప కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, పదిహేడో అంతస్తులో ఫ్లాటు. వాళ్ళ అపార్టుమెంటులో దీనికోసం ఒక కమిటీ వేశారు. కమిటీకి ఒక వాట్సాప్ గ్రూపు, గ్రూపుకి ఒక ఆకుపచ్చ టీషర్టు, టీషర్టు మీద చెమటలు కక్కుతున్న భూమి బొమ్మ.

"మావయ్యా, ఈసారి మన నిమ్మాడలో కూడా చెయ్యాలి. నువ్వు చెప్తే ఊళ్ళో వింటారు."

"నేను చెప్తే మీ అత్తే వినదు. ఇంతకీ ఎందుకురా ఆర్పడం?"

"అవగాహన కోసం."

ఈ మాట వింటే నాకు వీపు మీద చీమ పాకినట్టుంటుంది. మా శ్రీకాకుళం జిల్లాకి ఏదొచ్చినా ముందు అవగాహనే వస్తుంది. ఉద్దానంలో కిడ్నీలు పాడైపోతుంటే అవగాహన సదస్సు. తుపాను వచ్చి వెళ్ళిపోయాక అవగాహన ర్యాలీ. మంచినీళ్ళు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే మంచినీళ్ళ మీద అవగాహన వచ్చేసింది. ఇన్నేళ్ళలో మాకు కొరత లేకుండా సరఫరా అయిన సరుకు ఇదొక్కటే.

"మా ఊళ్ళో కరెంటుంటే కదరా ఆర్పడానికి" అనే పాత జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. దానికి కాలం చెల్లింది. ఇప్పుడు కరెంటు బాగానే వస్తోంది. బిల్లు ఇంకా బాగా వస్తోంది. ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు సర్దుబాటు చార్జీ అని కూడా వేస్తున్నారు కాబట్టి, ఆర్పిన లైటుకి సైతం ఏదో ఒకనాడు బిల్లు రాకపోదు.

"రూల్స్ ఉన్నాయి మావయ్యా. ఫ్రిజ్‌లూ ఏసీలూ ఆపక్కర్లేదు. నాన్ ఎసెన్షియల్ లైట్లు మాత్రమే."

అంటే అక్కర్లేని లైట్లన్నమాట. సరే, ఇంట్లో అక్కర్లేని లైటు ఎక్కడుందా అని ఆ రాత్రి వెతికాను. ముందుగదిలో ఒక ట్యూబులైటు, దాని కిందే నా రాతా మా ఆవిడ సీరియలూ. వంటింట్లో ఒక బల్బు. అది ఆర్పితే గంటసేపు వంట ఆగుతుంది, తర్వాత గంటసేపు తిట్లు ఆగవు. వీధి గుమ్మం దగ్గర తొమ్మిది వాట్ల బల్బు ఇంకొకటి. కాలవ పక్క ఊరు, వేసవి మొదలైంది. ఆ బల్బుంటే పాము మనకి కనిపిస్తుంది, లేకపోతే మనం పాముకి కనిపిస్తాం. ఇల్లంతా వెతికినా అక్కర్లేని లైటు దొరకలేదు. దొరక్కపోవడం నా గొప్ప కాదు, మా నాన్న పెంపకం. "ఎవడబ్బ సొమ్మని ఆ లైటలాగ వొదిలీసినావు?" అని ఆయన గదిగదికీ తిరిగి అరిచేవాడు. ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ ఆ ఉద్యమం నడిచింది. పాపం, ఆయనకి టీషర్టు ఎవరూ ఇవ్వలేదు.

అక్కర్లేని లైట్లు ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. 2025 మార్చి 22న హైదరాబాదులో సచివాలయం, హుస్సేన్ సాగర్ బుద్ధుడు, దుర్గం చెరువు తీగల వంతెన, చార్మినార్, గోల్కొండ ఇవన్నీ గంటసేపు చీకటి చేద్దామని ప్రభుత్వమే పిలుపిచ్చింది. మంచిదే. అంటే ఇవి ఆర్పితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. మరి మిగతా మూడువందల అరవైనాలుగు రాత్రులూ ఎవరికోసం వెలుగుతున్నట్టు? తీగల వంతెన రాత్రంతా ఊసరవెల్లిలా రంగులు మారుస్తూ ఉంటే, నేను నిమ్మాడలో వీధి బల్బు ఆర్పి దాని పాపం కడగాలా?

ఈ వేడుక పుట్టిందేమో సిడ్నీలో. 2007 మార్చి 31న ఇరవైరెండు లక్షలమంది లైట్లు ఆర్పేశారని చెప్పుకున్నారు. ఆ సిడ్నీకి కాస్త ఎగువన న్యూకాసిల్ అని ఒక రేవుంది. బొగ్గు ఎగుమతుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. లైట్లు ఆర్పిన ఆ గంటలో రేవు కూడా ఆగిందేమో తెలిస్తే ఎవరైనా నాకు చెప్పండి. ఆస్ట్రేలియా బొగ్గు మన విశాఖ ఉక్కు కొలిమిదాకా వస్తుంది. బొగ్గు ఒక ఓడలో, అవగాహన ఇంకో ఓడలో.

ఇక అసలు సంగతికి వస్తాను. కొవ్వొత్తి.

"లైట్లు ఆర్పేసి చీకట్లో కూచుంటార్రా?" అని అడిగాను. "ఛ, టెర్రస్ మీద క్యాండిల్ లైట్ డిన్నర్ మావయ్యా" అన్నాడు. మొత్తం రెండువందల కొవ్వొత్తులట. వాటితో నేలమీద భూమి బొమ్మ పేరుస్తారట. పిల్లలు దాని చుట్టూ చేతులు పట్టుకుని నిలబడతారట. 

కొవ్వొత్తి దేనితో చేస్తారో ఆ కమిటీలో ఒక్కరికీ తట్టలేదా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. దుకాణంలో దొరికే తెల్ల కొవ్వొత్తి పారఫిన్ మైనం. పారఫిన్ ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వస్తుంది. పెట్రోలుకి తోబుట్టువు, డీజిలుకి మేనత్త కూతురు. భూమి లోపలినుంచి నూనె తోడి కాల్చడం వల్లనే కదా ఈ వేడి అంటున్నారు? మరి ఆ వేడిమీద నిరసనగా అదే నూనెని గడ్డకట్టించి, దానికి దారం గుచ్చి, కాలుస్తున్నారు. సారా వద్దని ఊరేగింపు తీసి, ఊరేగినవాళ్ళకి అలుపు తీరాలని తలా ఒక గ్లాసు పోసినట్టుంది.

పోనీ లెక్కకైనా గిట్టుబాటవుతుందా అని కాగితం, పెన్సిలు తీశాను. తొమ్మిది వాట్ల బల్బు గంట వెలిగితే అయ్యేది యూనిట్‌లో నూరో వంతు కంటే తక్కువ. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సగటున ముప్పావు కిలోదాకా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన బల్బు వాటా ఏడు గ్రాములకి అటూ ఇటూ. మామూలు కొవ్వొత్తి గంటకి ఐదారు గ్రాముల మైనం తింటుంది. గ్రాము మైనం కాలితే మూడు గ్రాముల వాయువు. అంటే పదిహేను, పద్దెనిమిది గ్రాములు. ఒక బల్బు ఆర్పి దాని బదులు ఒక కొవ్వొత్తి వెలిగిస్తే భూమికి రెండింతల పొగ పెట్టినట్టు. పోనీ వెలుగైనా వస్తుందా అంటే, బల్బు వెలుగులో యాభయ్యో వంతు కూడా రాదు.

ఈ లెక్క వాడికి ఫోనులో చదివి వినిపించాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అయితే సోయా వ్యాక్స్ క్యాండిల్స్ ఆర్డర్ పెడతాం మావయ్యా, ఎకో ఫ్రెండ్లీ" అన్నాడు. అవి ఎలా వస్తాయో మా మరదలింట్లో చూశాను. గాజు గ్లాసులో కొవ్వొత్తి, గ్లాసు చుట్టూ బుడగల ప్లాస్టిక్, దాని చుట్టూ అట్టపెట్టె, దానిమీద ఇంకో అట్టపెట్టె, దాన్ని మోసుకుంటూ ఒక కుర్రాడు పెట్రోలు బండిమీద. మూత తీస్తే లావెండరు వాసన. మాకు ఇక్కడ గాలిలో జీడిపప్పు బట్టీల పొగవాసన, ఉప్పుగాలి, ఎండుచేపల వాసన. లావెండరు లేని లోటు ఇన్నాళ్ళూ తెలియలేదు.

కొవ్వొత్తుల భోజనం సంగతి ఇంకా ఉంది. టెర్రస్ మీద ఉక్కగా ఉంటుందని పెద్దవాళ్ళు కింద క్లబ్ హౌస్‌లో కూచుంటారట. ఏసీ ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటి తినే కరెంటుతో మా వీధి గుమ్మం బల్బులాంటివి నూట అరవై దాకా వెలుగుతాయి. కింద ఏసీ నడుస్తుంది, పైన కొవ్వొత్తి కాలుతుంది, మధ్యలో లిఫ్టు తిరుగుతుంది. లిఫ్టు ఎసెన్షియలే. పదిహేడో అంతస్తుకి ఎవరెక్కుతారు మరి?

దీన్నంతా డ్రోన్‌తో వీడియో తీస్తారట. చీకటిని వీడియో తీయడమెలాగని నేను అడగలేదు. ముందు లైట్లున్నప్పుడు ఒక ఫోటో, తర్వాత లేనప్పుడు ఒక ఫోటో, రెండూ పక్కపక్కన పెడతారట. ఆ ఫోటోల్ని దాచే సర్వర్లు ఎక్కడో రాత్రీపగలూ నడుస్తాయి. 2025 అక్టోబరులో విశాఖకి ప్రకటించిన గూగుల్ డేటా సెంటరు ఒక్కటే గిగావాటు. దాని లైట్లు గంటసేపు ఆర్పమని అడిగే కమిటీ ఉంటే ఆ టీషర్టు నేనూ తొడుక్కుంటాను.

ఇంతమంది ఒకేసారి ఆర్పితే ఏమవుతుందో మనం చూడనిది కాదు. 2020 ఏప్రిల్ 5న, కరోనా రోజుల్లో, రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దేశమంతా ఆర్పింది. గ్రిడ్డు మీద లోడు 31 వేల మెగావాట్లు పడిపోయింది. కరెంటు బస్తాల్లో నిల్వ ఉండే సరుకు కాదు, వాడినంతే పుట్టాలి. దాంతో ఇంజనీర్లు ముందునుంచీ కాచుకుని కూచుని, ఎక్కువభాగం దేన్ని తగ్గించారో తెలుసా? జలవిద్యుత్తుని. ఎందుకంటే నీళ్ళ టర్బైనుని నిమిషాల్లో తగ్గించొచ్చు, నిమిషాల్లో పెంచొచ్చు. బొగ్గు బాయిలరు అలా కాదు. దాన్ని చల్లార్చి మళ్ళీ రాజెయ్యాలంటే గంటలు గంటలు పడుతుంది, పైగా దానికి నూనె తాగించాలి. కాబట్టి పరవాడ సింహాద్రి బొగ్గు కరెంటు కేంద్రంలో బాయిలర్లు మీ గంట ముచ్చట కోసం ఆరిపోవు. మనం భక్తిగా లైటు ఆర్పితే ముందు మంచం ఎక్కేది పొగలేని కరెంటు. పొగ మాత్రం డ్యూటీలోనే ఉంటుంది.

అసలు చీకటంటే ఏమిటో మా అప్పనడగాలి. ఆవిడ ఉండేది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలం, సముద్రం ఒడ్డు ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది అక్కడే. తిత్లీ అంటే సీతాకోకచిలుకట, ఎంత ముద్దుగా పెట్టారో పేరు. తెల్లారేసరికి కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడున్నాయి, ఎవరో వరసగా పడుకోబెట్టినట్టు. జీడితోటలు వేళ్ళతో సహా తిరగబడ్డాయి. కరెంటు స్తంభాలు మోకాళ్ళమీద కూలబడ్డాయి. అప్పవాళ్ళింటికి పన్నెండు రాత్రులు కరెంటు లేదు. పన్నెండు ఎర్త్ అవర్లు కాదు నాయనా, పన్నెండు రాత్రులు.

ఆ రోజుల్లో ట్రాక్టరు మీద జనరేటరు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్ళ ట్యాంకులు నింపేవాడు ఒకడు. డబ్బిచ్చినవాడికి నీళ్ళు. సెల్‌ఫోను చార్జింగుకి ఇంకొక రేటు. కొవ్వొత్తికి మొదటిరోజు ఒక ధర, మూడోరోజు మూడు ధరలు. అప్ప ఒక కొవ్వొత్తిని కత్తితో మూడు ముక్కలు కోసి, ముక్కకి ఒక రాత్రి లెక్కన వాడింది. అన్నం వడ్డించేవరకే దీపం. తినేటప్పుడు ఆర్పేసేవారు, నోరెక్కడుందో చేతికి తెలుసు కాబట్టి. అదే అసలైన క్యాండిల్ లైట్ డిన్నరు. దాని మైనం మరక ఇప్పటికీ ఆ ఇంటి గూట్లో ఉంది.

ఆ ఇంటికి ఫోను చేసి, వాతావరణం మారుతోందని అవగాహన కలిగించమంటున్నాడు వాడు. ఆ ఇంట్లో పుట్టినవాడే.

సముద్రం ఎలా ఉంటుందో, గాలి ఎటు తిరిగితే ఏమవుతుందో, వాన ఏ నెలలో మానేసి ఏ నెలలో పడుతోందో ఉద్దానం ఆడవాళ్ళకి ఎవడూ నేర్పక్కర్లేదు. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. వాళ్ళ ఇంట్లో ఉన్నదేమిటి? రెండు బల్బులు, ఒక ఫ్యాను, మోటారు. ఆ రెండు బల్బులు కూడా పాత బల్బులిచ్చి, తలా పది రూపాయలు కట్టి, క్యూలో నిలబడి తెచ్చుకున్న ఎల్‌ఈడీలు. పాత బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టిన రోజునే అప్ప తన వాటా కట్టేసింది. అప్పుడు ఎవరూ డ్రోన్ ఎగరెయ్యలేదు.

అసలు బొగ్గు ఆర్పినవాళ్ళు ఎవరో చెప్పనా? మా పక్క మండలం సంతబొమ్మాళిలో కాకరాపల్లి. ఉత్తరాన సోంపేట. రెండుచోట్లా 2640 మెగావాట్ల చొప్పున బొగ్గు కరెంటు కేంద్రాలు పెడతామన్నారు. సోంపేటలో బీల, కాకరాపల్లిలో తంపర. వానాకాలం నీళ్ళు నిలిచి, చేపలు పెరిగి, కింద వరి పండే పల్లపు నేలలు. పక్కన తేలినీలాపురంలో ఏటేటా వలస పక్షులు దిగి పిల్లల్ని చేసుకునే చింతచెట్లు. వద్దు మహాప్రభో అని జనం టెంట్లు వేసుకుని రిలే దీక్షలు చేశారు. రైతులు, మత్స్యకారులు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. "క్లైమేట్" అనే మాట వాళ్ళ నోట రాలేదు. "మా నీలు, మా సేపలు, మా బూవి" అన్నారు.

వాళ్ళకి దొరికింది టీషర్టు కాదు. 2010 జూలై 14న సోంపేటలో కాల్పులు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు. రెండుచోట్లా మనుషులు పోయారు. సోంపేటలో తూటాలు పేలిన రోజే ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. ఒక్కరోజు ఓపిక పట్టి ఉంటే ఆ ప్రాణాలు ఉండేవి. బతికినవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు వాయిదాలకి కూలి మానుకుని తిరిగారు. ఒక కేంద్రం మొదలే కాలేదు, రెండోది సగంలో మొండిగోడలై ఆగింది. రెండూ కలిపి 5280 మెగావాట్ల బొగ్గు. గంటసేపు కాదు, ఇన్నేళ్ళుగా రాత్రీపగలూ అక్కడ బొగ్గు కాలలేదు. భూగోళానికి శ్రీకాకుళం జిల్లా చేసిన మేలు అదీ. ఏ కమిటీ అయినా వాళ్ళ పేర్లు ఒక్కసారి తలుచుకుందా? చార్మినార్ ఆర్పితే వార్త. బాయిలరు ఆర్పితే కేసు.

ఇంకా ఉంది. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఏడెనిమిదేళ్ళు నీళ్ళు మోసి పెంచిన చెట్లు. సరిగ్గా ఇప్పుడే మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం అంటున్నారు. తోటలు ఇచ్చేది లేదని రైతులు మొత్తుకుంటున్నారు. కేంద్రంలో విమానయాన మంత్రిది మా నిమ్మాడే, కాబట్టి ఈ మాట గట్టిగా అనడానికి నాకు ఊళ్ళోనే కాస్త ఇబ్బంది. అయినా అంటాను. గాలి కూల్చిన తోటని మళ్ళీ నాటుకోవచ్చు. కాంక్రీటు పోసినచోట మొక్క నాటలేం. ఆ రన్‌వే మీద రేపు లైట్లు వరసగా వెలుగుతాయి. అవి నాన్ ఎసెన్షియల్ లెక్కలోకి రావు.

నిన్న సాయంత్రం అప్పకి ఫోను చేశాను.

"మీవాడు చెప్పాడా అప్పా, శనివారం సంగతి?"

"సెప్పినాడ్రా. ఎనిమిదిన్నరకి లైటు ఆర్పీమన్నాడు. గంటసేపట."

"ఆర్పుతావా మరి?"

"ఆర్పేసి ఏటి సూత్తార్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఫోటోలు తీసుకుంటారని చెప్పాను.

"సీకట్లోనా?" అని, "సర్లే, ఆడి సరదా ఆడిది. ఆడు తిన్నాడో లేదో కనుక్కో" అని పెట్టేసింది.

తిత్లీ అప్పుడు పన్నెండు రాత్రుల తర్వాత ఆ ఇంటికి కరెంటు వచ్చింది అర్ధరాత్రి దాటాక. నేనక్కడే ఉన్నాను. పెరట్లో బల్బు వెలగ్గానే అప్ప లేచి బయటికి వెళ్ళింది. పడిపోయిన చెట్లనుంచి కోసుకొచ్చిన లేతకాయలు కుప్పగా ఉన్నాయి. ఆ బల్బు కింద పీట వేసుకుని కాయలు ఒక్కొక్కటే ఇటునుంచి అటు పెడుతూ లెక్కపెట్టడం మొదలెట్టింది. అమ్ముడుపోయేవి కావు అవి. పొద్దున్న లెక్కపెట్టుకోవచ్చు కదా అన్నాను. "ఇప్పుడు కనబడతన్నాయి కదరా" అంది. తెల్లారి ఎండెక్కాక కూడా ఆ బల్బు వెలుగుతూనే ఉంది. మా నాన్న పెంచిన కూతురు, లైటు ఆర్పడం మర్చిపోయింది.

శనివారం రాత్రి మా వీధి గుమ్మం బల్బు వేసే ఉంటుంది. కమిటీవాళ్ళు తనిఖీకి రావచ్చు. పాములున్నాయి, వెలుగులో నడిచి రండి.